చుక్క కింద చుక్క

రాక్‌ఫర్డ్, ఇలినాయ్
జనవరి 14, 2001

అక్కా,

ఫోనుండగా ఈ ముసలాళ్ళిద్దరికీ ఉత్తరాలెందుకని మీ పోస్ట్‌మన్ నవ్వుకుంటూ ఉంటాడు. నవ్వుకోనీ. నాన్నకు కళ్ళు పోయాయి గానీ చెవులు మాత్రం పాము చెవులు. నువ్వు వంటింట్లో ఫోనెత్తి "చెప్పరా లేలండ్" అన్నావంటే చాలు, ఆయన పక్కగదిలో రేడియో ఆపేస్తాడు. అది ఆగిపోవడం నాకిక్కడికి వినిపిస్తుంది. ఇక నేనేం మాట్లాడతాను? మంచు గురించి మాట్లాడతాను. ఆరు నెలలు మంచు గురించీ, ఆరు నెలలు దోమల గురించీ.

అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. పోయిన శనివారం జేన్స్‌విల్ సంతలో ఒకావిడ కాఫీ డబ్బా నిండా పానాలు పెట్టుకుని కూచుంది. వాళ్ళాయన పోయాడట. పైన ఉన్నవన్నీ తుక్కు. అడుగున చెయ్యి పెడితే రివర్ కింగ్ పానా తగిలింది. మీద ఆ అమెరికా కంపెనీ పేరు పెద్దక్షరాలతో, దాని కింద చీమంత అక్షరాలతో జపాన్. ముప్పావు అంగుళం సైజు. ఇది నా దగ్గర లేదు. ఇంటికి తెచ్చి వెనిగర్‌లో నానబెట్టి, తోమి, ఆరబెట్టి, నూనె రాసి, రాత్రి భోజనం దాని ఎదురుగా కూచుని చేశాను. పెళ్ళి చేసుకోనివాడికి పానాలే సంసారమని నువ్వనబోయే మాట నేనే అనేశాను, నీకు శ్రమ తగ్గింది.

నాన్న వేళ్ళు ఎలా ఉన్నాయి? క్రిస్‌మస్‌కి రాసిన కార్డులో "వేళ్ళకి తిమ్మిరి" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు.

ఇంకోటి. జూన్‌లో ఆయనకు తొంభై నిండుతాయి. నేను రావాలనుకుంటున్నాను. ఆయన్ని అడిగి చెప్పు. అడిగేటప్పుడు ఆయన మొహం ఎలా ఉందో కూడా రాయి.

నీ తమ్ముడు
లేలండ్


డులూత్, మినసోటా
జనవరి 29

ఒరేయ్ లేలండ్,

అడిగాను. అప్పుడు బంగాళాదుంపలు ఒలుస్తున్నాడు. కళ్ళు లేకపోయినా తొక్క రిబ్బనులా ఒకే ముక్కగా తీస్తాడు, చూసి నేను కుళ్ళుకుంటాను. "లేలండ్ నీ పుట్టినరోజుకి వస్తానంటున్నాడు నాన్నా" అన్నాను. తొక్క తెగిపోయింది.

ఇంకో దుంప చేతిలోకి తీసుకుని, "రానీ. నా కొడుకేగా. కానీ ఆ జపాన్ సరుకు ట్రక్కులో ఉంటే మాత్రం వంతెన అవతలే ఆగిపొమ్మను. సుపీరియర్ ఊళ్ళో కాఫీ తాగి వెనక్కి పొమ్మను" అన్నాడు.

మొహం ఎలా ఉందన్నావు కదా. బంగాళాదుంపలా ఉంది.

నువ్వు అలగొద్దు. ఆ రోజు మీ ఊరి ఎగ్జిబిషన్ హాల్లో నేను ఆయన పక్కనే ఉన్నాను. అప్పటికింకా చూపు ఉంది. నువ్వు నీలం మఖమల్ గుడ్డ పరిచి రివర్ కింగ్ జపాన్ పానాలన్నీ చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా పేర్చావు, పక్కన బహుమతి రిబ్బను. "శవాలకి స్నానం చేయించి పడుకోబెట్టాడు" అని తిరిగి నడిచి వెళ్ళి కార్లో కూచున్నాడు. అంతే, అప్పట్నుంచీ నీతో వాతావరణం తప్ప మాట లేదు. ఆయన వైపు నుంచి కూడా కాస్త చూడు. పాతికేళ్ళకు పైగా ఆ రివర్ కింగ్ కంపెనీలో ఉక్కు అచ్చులు చెక్కాడు. వాళ్ళు పేరు మాత్రం ఉంచుకుని పని జపాన్‌కి పంపి గేటు మూసేశారు. యాభై అయిదేళ్ళ వయసులో స్కూల్లో నేల తుడిచే పనికి చేరాడు. మన పొట్ట కొట్టిన సామాన్లని కొడుకు మఖమల్ మీద పడుకోబెడితే ఏ తండ్రికైనా మండుతుంది.

వేళ్ళ సంగతి. పాదాల్లో మొదలైన తిమ్మిరి చేతుల్లోకి వచ్చింది. ఏడాది లోపల వేళ్ళ కొసల్లో స్పర్శ పూర్తిగా పోతుందని డాక్టర్ చెప్పింది. నాన్న విని "సరే" అన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే స్వెటర్ బొత్తాలు ఒక్కొక్కటే తడుముతూ కూచుంటాడు. ఒక బొత్తం విరిగి ఉంది, అది ఏదో చెప్పగలిగితే ఆ రోజుకి పాసైనట్టు. నేను చూడనట్టు నటిస్తాను. ఆయన కళ్ళు ఆ వేళ్ళేరా. అవీ పోతే ఏం మిగులుతుందో నేను ఆలోచించలేను.

ఇప్పుడు నువ్వు నాకొకటి చెప్పు. నిజం చెప్పు. లోకంలో ఇన్ని సామాన్లుండగా నువ్వు ఆ పానాలనే ఎందుకు పట్టుకు వేళ్ళాడుతున్నావు?

ఆర్డిస్


రాక్‌ఫర్డ్
ఫిబ్రవరి 9

అక్కా,

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చివాడంటారు, లేదా ఇంకా ఘోరంగా, నాన్న చెవిన పడుతుంది.

ఇరవయ్యేళ్ళ కిందట ఒక సంతలో తుప్పు పట్టిన పానా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కొందామని కాదు, ఊరికే. బొటనవేలు దానంతటదే ఒక పల్లంలో పడి కూచుంది. పిడి నడుము దగ్గర సన్నబడి, ఒక పక్క కొంచెం లోతు. మన గ్యారేజీలో నాన్న చెక్కిన అచ్చుల్లో తయారైన పాత పానా ఉండేది, నీకు గుర్తుందా? తొమ్మిదేళ్ళప్పుడు సైకిల్ బిగిస్తుంటే నా బొటనవేలిని పట్టుకుని ఆ పల్లంలో పెట్టి, "ఇక్కడ. చెయ్యి జారదు" అన్నాడు. వేరే ఏ కంపెనీ వాళ్ళకీ ఆ పల్లం లేదు. ఆ సంతలో పానా తిప్పి చూస్తే జపాన్ అని ఉంది.

కంపెనీ మూతపడ్డప్పుడు అచ్చులన్నీ కొలిమిలో కరిగించేశారని వాళ్ళు నాన్నకు చెప్పారు. ఆయన దాన్నే నమ్మాడు. నేను నమ్మను. ఆ అచ్చుల్ని పెట్టెలకెత్తి జపాన్ పంపించారనీ, అక్కడివాళ్ళు ఎర్రగా కాల్చిన కడ్డీని నాన్న చెక్కిన ఆ అచ్చుల్లోనే పెట్టి సుత్తి వేశారనీ నా అనుమానం. అంటే నాన్న పని ఆగిపోలేదక్కా. ఆయన నేల తుడుస్తున్న ఏళ్ళల్లో కూడా ఆయన చేతి పని సముద్రం అవతల నడుస్తూనే ఉంది. ఇది ఆయన బతికుండగా చెప్పాలని నా ఆశ. కానీ ఉత్త నోటితో చెబితే ఒప్పుకునే మనిషా? ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. చేతికి ఏదైనా ఇవ్వాలి.

అందుకే ఇన్నేళ్ళుగా ఆయన పేరులోని హెచ్.ఈ. అనే అక్షరాల కోసం భూతద్దం పెట్టి వెతుకుతున్నాను. అచ్చు చెక్కేవాళ్ళు ఎక్కడో ఒకచోట పేరు దాస్తారని విన్నాను. దొరకలేదు. ఇప్పుడు నువ్వు వేళ్ళ సంగతి రాశాక నాకు కంగారు పట్టుకుంది. అక్షరం దొరికినా తడమడానికి ఆయనకు వేళ్ళుండాలి కదా.

ఆయన పేరెక్కడ చెక్కేవాడో మాటల్లో పెట్టి రాబట్టు. నేనడిగానని తెలియనివ్వకు.

లేలండ్


డులూత్
మార్చి 3

లేలండ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివి ఏడ్చాను. ఏడ్చానని నువ్వు ఇంకెవరికీ చెప్పకు, ముఖ్యంగా మా చర్చి ఆడవాళ్ళకి. ఇన్నేళ్ళూ నిన్ను పానాల పిచ్చోడని వెక్కిరించాను. నోరు విప్పి ఒక్కసారి చెబితే నీ సొమ్మేం పోయింది? ఈ ఇంట్లో మగాళ్ళ నోట మాట రాబట్టడం పన్ను పీకినంత పని.

రాబట్టాను. ఎలాగంటే, అల్లిన మేజోడు ఒకటి ఆయన చేతికిచ్చి, "ఇది నేనల్లిందా, అమ్మ అల్లిందా చెప్పు" అన్నాను. క్షణంలో చెప్పేశాడు. అమ్మ మడమ దగ్గర ఒక కుట్టు ఎక్కువ వేసేదట. నాకే తెలీదు. అప్పుడు మెల్లిగా, "నీ అచ్చుల మీద నువ్వు పేరు వేసుకునేవాడివా?" అన్నాను.

"పేరా? పేరు చెక్కితే సాయంత్రానికి నన్ను గేటు బయట పెట్టేవాళ్ళు. పేరు కంపెనీది. మాది చుక్క" అన్నాడు.

చుక్కేమిటి నాన్నా అంటే ఇక ఆగలేదు. పిడి మీద పెద్దక్షరాలు అయిపోయిన చోట, ఉంగరపు వేలు ఆనే దగ్గర, అచ్చులో సూది పొడిచినంత గుంట పెడతారట. అచ్చులో గుంట పెడితే పానా మీద బొడిపె లేస్తుంది. ఒక్కొక్కడిదీ ఒక్కొక్క చోటు. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. అధికారులు దాన్ని ఇనుములో లోపం అనుకుని వదిలేసేవాళ్ళట. చెబుతూ నవ్వుతున్నాడు. ఆయన నవ్వగా విని ఎన్నాళ్ళయిందో.

ఇంకోటి చెప్పాడు. అచ్చు అరిగిపోతే మళ్ళీ చెక్కాలి కదా. మొదట చెక్కినవాడు పోయినా, మానేసినా, వాడి చుక్క తీసెయ్యకూడదట. వాడి చుక్క వాడి చోటే మళ్ళీ పెట్టి, తన చుక్క దాని కింద పెట్టుకోవాలి. పక్కన కాదు, పైన కాదు, కింద. "పక్కన పెడితే సమానమంటున్నట్టు. పైన పెడితే తన్నులే" అన్నాడు. వాళ్ళ గదిలో అచ్చు చెక్కే నలుగురి మధ్యే ఉన్న పద్ధతట, ఎక్కడా రాసిపెట్టింది కాదు. "మా గదిలోంచి బయటికి పోలేదు ఆ సంగతి. గదితోనే పోయింది" అన్నాడు.

తర్వాత నా వైపు మొహం తిప్పి, "ఏంటే ఇవాళ ఇంత ఆరా? వాడేమన్నా రాశాడా?" అన్నాడు. లేదని చెప్పాను. పాము చెవులే కాదు, పాము ముక్కు కూడా.

చుక్కలు వెతుక్కో.

ఆర్డిస్


రాక్‌ఫర్డ్
మార్చి 12

అక్కా,

నన్ను తీసుకెళ్ళి మీ సరస్సులో పడెయ్యి. మంచు పగలగొట్టి మరీ పడెయ్యి.

నీ ఉత్తరం అందిన రోజు పనులన్నీ మానేసి గోడమీదివీ, సొరుగుల్లోవీ, మఖమల్ పెట్టెల్లోవీ అన్నీ దింపాను. నువ్వు చెప్పిన చోట ఒక్కొక్కదాన్నీ ఉంగరపు వేలితో తడిమాను. ఒక్కదాని మీద కూడా చుక్క లేదు. నున్నగా అద్దాల్లా ఉన్నాయి. ఎందుకు లేదా అని నేల మీద చతికిలబడి ఆలోచిస్తుంటే తెలిసింది. ఎందుకంటే చుక్క ఉన్నవాటిని నేను ఉంచుకోలేదు.

మా సేకరణదార్ల జబ్బు నీకు తెలీదు. అక్షరం చెదరకూడదు, వంపు చెడకూడదు, పిడి మీద మచ్చ ఉండకూడదు. బొడిపె కనిపిస్తే "తయారీలో లోపం, రెండో రకం" అని పక్కన పడేస్తాం. అలా పడేసినవి నా దగ్గరికి వచ్చాయక్కా, ఇన్నేళ్ళలో చాలా వచ్చాయి. రెండు మంచి సైజులకైతే, బొడిపె ఒక్కటే కదా లోపమని, ఆకురాయి పట్టుకుని నేనే అరగదీశాను. ఆ రెండూ ఇప్పుడు నా ఎదురుగానే ఉన్నాయి. నాన్న పేరు వెతుకుతూ నాన్న పేరునే గీకి పారేశాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఒక్కటే ఆశ. నేను వద్దనుకున్న పానాలు కొన్ని కాన్వాసు గుడ్డలో చుట్టి బావకి ఇచ్చాను, గుర్తుందా? పడవ లాక్కెళ్ళే బండికి పనికొస్తాయని. నాన్న కంట పడకుండా పడవ షెడ్డులో పెట్టమన్నాను. వాటిలో ఉండి తీరాలి. షెడ్డులో చూడు. ఈ ఉత్తరం మడవక ముందే వెళ్ళి చూడు.

లేలండ్


డులూత్
మార్చి 20

లేలండ్,

నన్ను తిట్టు. గట్టిగా తిట్టు.

మీ బావ పోయాక పడవ అమ్మేశాను కదా. షెడ్డు ఖాళీ చేస్తూ ఆ కాన్వాసు చుట్టను చర్చి నేలమాళిగలో పాత సామాన్ల అమ్మకానికి ఇచ్చేశాను. నాన్న ఇంట్లో ఉండగా అది ఎక్కడ బయటపడుతుందోనని అదొక భయం. పీడ వదిలిందనుకున్నాను. ఎవరు కొన్నారో తెలియదు. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర నిలబడి అందర్నీ అడిగాను. ఇప్పుడు మా చర్చిలో ప్రతి ముసలమ్మా మొగుడి గ్యారేజీలో దూరి ఉంగరపు వేలితో పానాలు తడుముతోంది. పాస్టరుగారి గ్యారేజీతో సహా. ఇప్పటికి నాలుగు సుత్తులు, ఒక ఎలుకబోను తెచ్చిచ్చారు.

నిన్న నాన్న చేతిలోంచి కాఫీ కప్పు జారిపోయింది. పట్టుకునే ఉన్నాననుకున్నాడట. విరిగిన బొత్తం ఏదో ఇవాళ చెప్పలేకపోయాడు. రెండుసార్లు పైనుంచి కిందికి తడిమి, "ఇది కొత్త స్వెటరా?" అన్నాడు. అవునన్నాను. అబద్ధం చెప్పాను. పాతదే.

ఆర్డిస్


రాక్‌ఫర్డ్
ఏప్రిల్ 2

అక్కా,

నిన్నెందుకు తిడతాను? చుక్కను లోపమన్నది నేను, ఇంట్లోంచి బయటపడేసింది నేను, నీ నెత్తిన పెట్టింది నేను. నువ్వు చర్చికిచ్చి పుణ్యమైనా కట్టుకున్నావు.

నేనూ ఊరుకోలేదు. నాకు తెలిసిన ప్రతి సేకరణదారుడికీ రాశాను. అందరిదీ ఒకటే జవాబు. లోపాలున్నవా, అవి తుక్కు ఇనుము బండికి వేసేశాం అని. ఒకాయన నాకు పాఠం చెప్పాడు, బొడిపె ఉన్నది కొనకూడదని. అది ఆయనకు నేర్పింది నేనే.

సరే, దొరకదు. జూన్‌లో మాత్రం వస్తాను. ట్రక్కు ఖాళీగా తెస్తాను. ఆయన పక్కన కూచుని మంచు గురించీ, దోమల గురించీ మాట్లాడతాను. చేపల గురించి కూడా మాట్లాడతాను, అదొక మెట్టు పైకి ఎక్కినట్టు. వేళ్ళు పనిచేసినా చెయ్యకపోయినా ఆ చెయ్యి పట్టుకుంటాను. ఇరవయ్యేళ్ళు పానాలు పట్టుకునే బదులు ఆ పని ముందే చెయ్యాల్సింది.

ఆ స్వెటర్ అబద్ధం మంచి అబద్ధం. దాని గురించి బాధపడకు.

లేలండ్


డులూత్
మే 8

ఒరేయ్, కూచుని చదువు.

నిన్న తోటకు నీళ్ళు పెడదామని బయట కుళాయి తిప్పాను. శీతకాలంలో గొట్టం లోపలే పగిలి ఉంది, నాకేం తెలుసు? కింద నేలమాళిగలో వర్షం మొదలైంది. పరుగెత్తుకెళ్ళాను. ఇంటికంతటికీ నీళ్ళు వచ్చే పెద్ద గొట్టాన్ని కట్టేసే వాల్వు పిడి ఎప్పుడో విరిగిపోయింది. దానికి మీ బావ ఒక పానా బిగించి, ఎవరూ ఎత్తుకుపోకుండా తీగతో గొట్టానికి కట్టేశాడు. "దీన్ని తిప్పితే చాలు, ఇంకేం చెయ్యకు" అని నాకు పోయేముందు చూపించాడు. ఆయన పోయాక నాకు ఆ అవసరమే రాలేదు.

తిప్పాను. నీళ్ళాగాయి. తడిసి ముద్దయి, ఒగరుస్తూ, ఇంకా దాన్ని పట్టుకునే నిలబడి ఉన్నాను. నా బొటనవేలు ఒక పల్లంలో ఉంది.

లేలండూ, చుక్క ఉంగరపు వేలు కిందే ఉంది. మీ బావ ఆ కాన్వాసు చుట్టలోంచి తీసి కట్టుకున్నదే అయ్యుంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నాన్న మంచానికి సరిగ్గా కింద, నేల కింద, అది ఇన్నేళ్ళూ వేలాడుతూ ఉంది. తుప్పు తుడిచి టార్చిలైట్ వేసి చూశాను. రివర్ కింగ్. జపాన్. ఆ తర్వాత బొడిపె. కానీ ఒకటి కాదురా, రెండున్నాయి. ఒకదాని కింద ఒకటి. నాన్న రెండు పెట్టేవాడని అనలేదు. ఆ కింద పెట్టే పద్ధతేమో గదితోనే పోయిందన్నాడు. మరి ఒకటి నిజంగానే లోపమా?

తీగ విప్పి పానాను పిండి డబ్బాలో దాచాను. నాన్నకు చెప్పలేదు. ఇది నువ్వు వెతికింది. నువ్వు ఆయన చేతిలో పెట్టాల్సింది. జూన్ దాకా దాచమంటావా? ఒక్క మాట మాత్రం చెబుతాను. చూపుడు వేలూ, మధ్య వేలూ ఇప్పుడు ఆయనకు లేనట్టే. ఉంగరపు వేలుకి ఇంకా కాస్త తెలుస్తోంది.

ఆర్డిస్


రాక్‌ఫర్డ్
మే 12

అక్కా,

జూన్ దాకా వద్దు. ఈ ఉత్తరం అందిన పూటే ఇచ్చెయ్యి.

ఈ మాట రాయడానికి ఒక రోజు పట్టింది. ఆ పానా పట్టుకున్న క్షణంలో ఆయన మొహం చూడాలని ఇరవయ్యేళ్ళుగా కలలు కంటున్నాను. బండి వేసుకుని ఇప్పుడే బయలుదేరుదామనుకున్నాను. కానీ నేను వస్తున్నానంటే ఆయన బిగుసుకుంటాడు. నా మీద కోపంతో పానాను తడమకుండానే పక్కన పెట్టేస్తే ఇంకేం ఉండదు. నీ చేతి మీదుగా వెళ్తే తడుముతాడు. నా సంబరం కోసం ఆయన వేలిని పణం పెట్టలేను.

రెండో చుక్క ఏమిటో నాకూ తెలియదు. ఆయన్నే చెప్పనీ. ఒకటే కోరిక, జపాన్ అన్న సంగతి దాచకు. ముందు దాన్నే తడమనీ. తర్వాత తెలిస్తే మోసం చేశామనుకుంటాడు.

తర్వాత ఏం జరిగిందో ఒక్క ముక్క వదలకుండా రాయి.

లేలండ్


డులూత్
మే 17

లేలండ్,

ఒక్క ముక్క వదలను.

పొద్దున ఫలహారం అయ్యాక, టేబుల్ తుడిచి, ఆయన చేతులు వేడినీళ్ళలో పెట్టి తుడిచాను. వేడికి వేళ్ళు కాస్త పనిచేస్తాయి. "ఏంటి, ఆపరేషనా?" అన్నాడు. పానా చేతిలో పెట్టాను. ఏం చెప్పలేదు.

బొటనవేలు పల్లంలో పడింది. ఆయన వెతకలేదు, చెయ్యే వెళ్ళింది. "నాది" అన్నాడు. "గ్యారేజీలోదా? అది ఎప్పుడో పారేశాం కదా."

"ముందు అక్షరాలు చూడు నాన్నా" అన్నాను. గోటితో ఒక్కొక్క అక్షరం గీస్తూ వెళ్ళాడు. రివర్ అన్నాడు, కింగ్ అన్నాడు. కింద చిన్న అక్షరాల దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదటినుంచి గీశాడు. ఆయన దవడ బిగుసుకోవడం చూసి, ఇక విసిరేస్తాడని నేను కాఫీ కెటిల్ పక్కకి జరిపాను.

విసరలేదు. "కరిగించామన్నారు" అన్నాడు. "నా మొహం మీదే అన్నారు." గోరు ఆ చిన్నక్షరాల మీదే ఉంచి, "కరగలేదన్నమాట" అన్నాడు. గొంతులో కోపం ఉంది గానీ, అదొక్కటే లేదు.

అప్పుడు ఉంగరపు వేలు కిందికి జరిగింది. చుక్క మీద ఆగింది. అటూ ఇటూ రుద్ది, తల అడ్డంగా ఊపాడు. "ఇది నా చుక్క కాదు." ఇంత చేసి నీకు ఏమని రాయాలా అని ఆలోచిస్తున్నాను, ఆయన మాత్రం వేలు తియ్యలేదు. "చోటు నాదే. చెయ్యి నాది కాదు. నా పోటు గుండ్రం, వీడిది మొనదేలి ఉంది. నా అచ్చు అరిగిపోయుంటుంది. ఎవడో మళ్ళీ చెక్కాడు. చెక్కుతూ నా చుక్క నా చోటే పెట్టాడు." మళ్ళీ అన్నాడు, "పెట్టాల్సిన పనేముంది వాడికి? వదిలేస్తే అడిగేదెవడు?"

"దాని కింద ఇంకోటుంది నాన్నా" అన్నాను.

వేలు వెంట్రుకవాసి జరిగింది. లేలండ్, ఆయన మొహం నీకు ఎలా రాయాలో తెలియడం లేదు. నువ్వు చూడాల్సింది, నేను చూశాను. అమ్మ పోయినప్పుడు కూడా అలా అవ్వలేదు. "కింద పెట్టుకున్నాడు" అన్నాడు. అంతే. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, "కింద పెట్టుకున్నాడే ఆర్డిస్. పక్కన పెట్టుకోలేదు. ఎవడు చెప్పాడు వాడికి? మా గదిలో నలుగురం. ఎవడు చెప్పాడు?" అని అడుగుతూనే ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు నాన్నా, వాడికే తోచి ఉంటుంది అన్నాను. "తోచింది" అని తల ఊపాడు. పానాను చేతిలో తిప్పుతూ, "వాడూ ముసలాడై ఉంటాడు ఈపాటికి. వాడి వేళ్ళెలా ఉన్నాయో" అన్నాడు.

తర్వాత మొత్తం చెప్పేశాను. నువ్వు ఎందుకు సేకరిస్తున్నావో, ఇరవయ్యేళ్ళుగా ఏం వెతుకుతున్నావో, ఈ పానా ఇవ్వడానికి ఎందుకు రాలేదో. చుక్క ఉన్న ఆ రెండింటినీ ఆకురాయితో అరగదీసిన సంగతి కూడా చెప్పాను, క్షమించు, నా నోరు నీకు తెలుసు. "గాడిద" అన్నాడు. చాలా ప్రేమగా అన్నాడు.

పానా ఇప్పుడు ఆయన దిండు కింద ఉంది. ఇంట్లో నీళ్ళు కట్టెయ్యాలంటే నేనిప్పుడు నాన్నని బతిమాలుకోవాలి.

కింద ఉన్నది ఆయన చెప్పగా రాశాను. ఆయన మాటలే, నేను కల్పించింది లేదు.

ఆర్డిస్

*లేలండ్‌కి,*

*ట్రక్కు ఖాళీగా తెచ్చావంటే వంతెన అవతలే ఆపేస్తాను. ఉన్నవన్నీ తీసుకురా. ఆ మఖమల్ గుడ్డ కూడా తే, టేబుల్ గీసుకుపోకుండా పరుచుకోవచ్చు. పుట్టినరోజు దాకా ఆగకు. ఒక వేలే మిగిలింది, అది నీ కోసం కాచుకుని కూచోదు.*

*నువ్వు అరగదీసిన రెండూ ముందు సీట్లో పెట్టుకుని తే. పోటు పొడిచే మొనదేలిన ఉలి ఒకటీ, చిన్న సుత్తి ఒకటీ తెచ్చుకో. పానా మీద నేరుగా పొడిస్తే బొడిపె రాదు, గుంటే పడుతుంది. ఫర్వాలేదు, గుంటైనా వేలికి తెలుస్తుంది. పాత సామాను పాడవుతుందని నీ సంతల వాళ్ళు గోల పెడితే పెట్టనీ. నేను చోటు చూపిస్తాను, నువ్వు కొట్టు.*

*ముందు నాది పెట్టు. దాని కింద అతనిది. వరస తప్పావంటే ఊరుకోను.*

*నాన్న*